పుట్టినప్పుడు పాసైన చెవి: గర్భంలో సీఎంవీ వైరస్ సోకిందనుకుంటున్న ఒక బాబు కేసు

ఈ కేసు రాయడానికి తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. ఊరి ఆనవాళ్లు, తండ్రి వృత్తి, కొన్ని వయసులు మార్చాను. వైద్యపరమైన వరస మాత్రం జరిగినట్టే ఉంది. పిల్లల ఎదుగుదల క్లినిక్కులకు ఇలాంటి పిల్లలు వస్తూనే ఉంటారు. ఫైలు మీద "సీపీ" (సెరిబ్రల్ పాల్సీ, మెదడు దెబ్బతిని కదలికల్లో వచ్చే లోపం) అనో, "మేనరికం" అనో రాసి ఉంటుంది. ఈ బాబు ఫైలు మీద రెండూ ఉన్నాయి.

నేపథ్యం

గోదావరి డెల్టాలో కాలువ గట్టున ఉన్న పల్లె. తల్లి సొంత మేనమామనే చేసుకుంది. కాబట్టి ఆమెకు అత్తగారంటే స్వయానా అమ్మమ్మే. ఈ కథలో అమ్మమ్మ అంటే ఈమే. మొదటి కాన్పు ఆడపిల్ల, ఏ ఇబ్బందీ లేదు. ఆ పిల్లకు మూడేళ్లప్పుడు, అంగన్‌వాడీకి వెళ్లే వయసులో, ఈ బాబు కడుపున పడ్డాడు.

మూడో నెలలో తల్లికి వారం పాటు జ్వరం, ఒళ్లునొప్పులు, మెడ దగ్గర బిళ్లలు కట్టాయి. వైరల్ ఫీవర్ అన్నారు, పారాసిటమాల్‌తో తగ్గింది. ఆ జ్వరం గురించి మమ్మల్ని కలిసేదాకా ఆమెను ఎవరూ అడగలేదు. పెద్దపిల్ల తినగా మిగిలిన అన్నం ఆమె తినేసేది, పిల్ల కొరికిన జాంకాయ తనూ కొరికేది. మన ఇళ్లలో ఏ తల్లి చేయదు గనక ఆ పని! సైటోమెగాలోవైరస్, అంటే సీఎంవీ, చిన్నపిల్లల లాలాజలంలో, మూత్రంలో నెలల తరబడి ఉంటుంది. కడుపుతో ఉన్న ఆడవాళ్లకు ఇంట్లోని రెండు మూడేళ్ల పిల్లల ద్వారానే ఎక్కువగా అంటుకుంటుంది.

అప్పట్లో టార్చ్ పరీక్ష (గర్భిణికి సీఎంవీ, రుబెల్లా లాంటివి సోకాయా అని చూసే రక్తపరీక్ష) చేయించి ఉంటే తెలిసేది కదా అని చాలామంది అడుగుతారు. మన దేశంలో పదిమంది ఆడవాళ్లలో తొమ్మిది మందికి పైగా సీఎంవీ యాంటీబాడీ ఐజీజీ పాజిటివ్ ఉంటుంది. చిన్నప్పుడెప్పుడో సోకి ఉంటుందని తప్ప అది ఇంకేం చెప్పదు. కొత్తగా సోకినప్పుడు వచ్చే ఐజీఎం యాంటీబాడీ నెలల తరబడి నిలిచిపోవచ్చు, పాత వైరస్ మళ్లీ మేలుకున్నప్పుడూ రావచ్చు. ఆ కాగితం పట్టుకుని బెదిరిపోయిన గర్భిణులను చూశాను గానీ, దానివల్ల మేలు జరిగిన బిడ్డను పెద్దగా చూడలేదు.

నెలలు నిండాకే, ఒక నర్సింగ్‌హోమ్‌లో మామూలు కాన్పు. బరువు 2.2 కిలోలు. తల చుట్టుకొలత 31.5 సెంటీమీటర్లు. ఒంటి మీద ఎర్రటి చుక్కలు వచ్చి రెండు రోజుల్లో పోయాయి. ప్లేట్‌లెట్లు 84 వేలు, వారానికి వాటంతటవే పెరిగాయి. కామెర్లకు లైటు కింద పెట్టారు. ఓఏఈ వినికిడి పరీక్షలో రెండు చెవులూ పాస్. డిశ్చార్జి సమ్మరీలో ఇవన్నీ ఉన్నాయి, కాకపోతే ఒక్కోటీ ఒక్కో వరసలో, ఒకదానితో ఒకటికి సంబంధం లేనట్టు. తక్కువ బరువు, చిన్న తల, ఎర్ర చుక్కలు, తగ్గిన ప్లేట్‌లెట్లు ఒకే బిడ్డలో కనిపిస్తే మూడు వారాల లోపు మూత్రం సీఎంవీ పీసీఆర్‌కు (వైరస్ ఉందేమో పట్టే పరీక్షకు) పంపాలి. ఆ గడువు దాటితే, బిడ్డకు వైరస్ కడుపులో సోకిందా, పుట్టాక తల్లిపాల ద్వారా సోకిందా అన్నది తేల్చలేం.

వచ్చిన సమస్య

మా దగ్గరికి వచ్చేసరికి బాబుకు 22 నెలలు. నడక లేదు. మెడ ఐదో నెలకు నిలిచింది, కూర్చోవడం పదకొండో నెలకు. పట్టుకుని నిలబడతాడు, వదిలితే పడతాడు. "అత్త", "తాత" లాంటి ఒకటి రెండు మాటలు వచ్చి పోయాయి. ఇంట్లోవాళ్ల బాధంతా నడక గురించే. మగపిల్లలకు మాటలు ఆలస్యమేలే అని సరిపెట్టుకున్నారు.

అప్పటికే చాలా వైద్యం నడిచింది. కాల్షియం, విటమిన్ డి చుక్కలు. ఇసుకలో నడుంలోతు గుంత తీసి నిలబెట్టడం. తర్వాత ఒకచోట సెరిబ్రల్ పాల్సీ అని చెప్పి, ఫిజియోథెరపీ పెట్టి, కాళ్లకు స్ప్లింట్లు ఇచ్చారు. ఆరు నెలలు తిరిగినా నడకలో తేడా రాలేదు.

నాకు అనుమానం వచ్చింది కాళ్లను చూసి కాదు, చేతులను చూసి. మేం మాట్లాడుతుంటే బాబు అమ్మమ్మ ఒళ్లో కూర్చుని ఆమె రొంటిన ఉన్న వక్కల డబ్బా లాగాడు. గట్టిగా బిగిసిన మూతను గోటితో లేపి తీశాడు. బొటనవేలు, చూపుడువేలుతో ఒక్క వక్కముక్క ఏరి, మళ్లీ మూత పెట్టాడు. మెదడు దెబ్బతిని కాళ్లు ఇంత వెనకబడిన బిడ్డకు చేతులు ఇంత నేర్పుగా ఉంటాయా అనిపించింది. కండరాలు కొంచెం వదులే గానీ బలం ఉంది. మోకాలి రిఫ్లెక్సులు మామూలుగా ఉన్నాయి, బిగుతు లేదు.

చీకట్లో ఎలా ఉంటాడని అడిగాను. "కరెంటు పోతే ఎక్కడున్నోడు అక్కడే చతికిలబడిపోతాడండి. చీకటంటే మా చెడ్డ భయమండి ఈడికి" అంది తల్లి. భయం కాదేమో అనిపించింది. లోపలి చెవిలోని సమతౌల్య భాగం పనిచేయని బిడ్డ కళ్లతోనే నిలబడతాడు. వెలుతురు పోతే ఆ ఆధారం పోతుంది.

బాబును ఒళ్లో కూర్చోబెట్టుకుని తిరిగే కుర్చీలో గుండ్రంగా తిప్పాను. మామూలు పిల్లలకు కుర్చీ ఆగగానే కళ్లు ఒక పక్కకు టకటకా కొట్టుకుంటాయి. ఒకవైపు తిప్పి ఆపితే కొద్దిగా కొట్టుకున్నాయి, రెండోవైపు దాదాపు లేనేలేదు. ఆ కాసేపటి పరీక్షతో ప్రశ్న కాళ్ల నుంచి చెవికి మారింది.

ఏమిటో తేల్చుకోవడం

నిద్రమందు ఇచ్చి బెరా (శబ్దానికి చెవి నరం, మెదడు స్పందనను కొలిచే పరీక్ష) చేయిస్తే కుడి చెవి 90 డెసిబెల్స్‌కు కూడా స్పందించలేదు, ఎడమ 55 దగ్గర స్పందించింది. ఈ అంకె ఎంత పెద్దదైతే వినికిడి అంత తక్కువని అర్థం. ఓఏఈలో ఇప్పుడు రెండు వైపులా స్పందన లేదు. పుట్టినప్పుడు పాసైన చెవులే ఇవి. అంటే వినికిడి ఉండి పోయింది, ఇంకా పోతూ ఉండవచ్చు. కుటుంబానికి ఈ మాట మింగుడుపడలేదు. "అప్పుడు మిషన్ పాస్ అంది కదండీ" అని తండ్రి కాగితం చూపించాడు. మిషన్ తప్పు చెప్పలేదు. ఆ రోజు సంగతి చెప్పింది, అంతే.

చెవుడు, సమతౌల్య లోపం, పైగా మేనరికం. ఈ మూడూ కలిస్తే సీఎంవీ కంటే ముందు జన్యు కారణాలే గుర్తుకు రావాలి, వచ్చాయి కూడా. అన్నిటికంటే నన్ను భయపెట్టింది అషర్ సిండ్రోమ్ మొదటి రకం. అందులో పుట్టు చెవుడుంటుంది, నడక ఏడాదిన్నర దాటాకే వస్తుంది, కొన్నేళ్లకు రేచీకటితో మొదలై చూపు తగ్గుతుంది. ఈ బాబు కథ పైకి అచ్చం అలాగే ఉంది. కానీ అషర్ మొదటి రకంలో చెవుడు పుట్టుకతోనే తీవ్రంగా, రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ఇక్కడ రెండు చెవుల మధ్య చాలా తేడా ఉంది, పైగా వినికిడి క్రమంగా తగ్గింది. రెటీనా పరీక్ష, రెటీనా పనితీరు కొలిచే ఈఆర్‌జీ మామూలుగా వచ్చాయి. లోపలి చెవి గొట్టం వెడల్పుగా ఉండే పెండ్రెడ్ లాంటి జబ్బుల్లోనూ వినికిడి మెల్లగా పోతుంది. ఎమ్మారైలో ఆ గొట్టం సరిగ్గానే ఉంది. ఈసీజీలో క్యూటీ దూరం చూశాం. పుట్టు చెవుడుతో పాటు గుండె లయ తప్పే జర్వెల్ లాంజ్ నీల్సన్ సిండ్రోమ్ మేనరికపు కుటుంబాల్లో వస్తుంది. మత్తు ఇవ్వడానికి ముందే అది కాదని తేలాలి. చవకైన పరీక్ష, మానేయడానికి కారణమే లేదు. శుక్లాలు, గుండె లోపం లేకపోవడంతో, గర్భంలో సోకే మరో వైరస్ రుబెల్లా వెనక్కి వెళ్లింది. పుట్టు చెవుడుకు తరచూ కారణమయ్యే జీజేబీ2 జన్యువు మామూలు, తర్వాత చేసిన ఎక్సోమ్ (చాలా జన్యువులను ఒకేసారి చదివే పరీక్ష)లోనూ చెవుడుకు సంబంధించిన మార్పు దొరకలేదు.

ఎమ్మారైలో మెదడు తెల్లపదార్థంలో మచ్చలు, ముఖ్యంగా పరైటల్ భాగంలో. టెంపొరల్ లోబ్ ముందు కొసల్లో చిన్న తిత్తులు. ఈ రెండూ కలిసి కనబడితే రేడియాలజిస్టులకు మొదట గుర్తొచ్చేది గర్భంలో సోకిన సీఎంవీయే.

ఇప్పుడైనా మూత్రం పీసీఆర్ చేద్దామని తండ్రి అడిగాడు. వద్దన్నాను. పాజిటివ్ వస్తే తల్లిపాలతోనో అక్క ద్వారానో సోకి ఉండొచ్చు, నెగటివ్ వస్తే వైరస్ విసర్జన ఆగిపోయి ఉండొచ్చు. ఏది వచ్చినా నా నిర్ణయం మారదు. నిర్ణయాన్ని మార్చని పరీక్షకు ఆ కుటుంబం డబ్బు ఎందుకు పెట్టాలి? మేం వెతికింది మరొకటి. పుట్టినప్పుడు మడమ నుంచి తీసిన రక్తపు చుక్కల కార్డు ఉంటే అందులో వైరస్ కోసం చూడొచ్చు. ల్యాబ్ వాళ్లు కొన్ని నెలలు ఉంచి పారేశారట. దొరికి పాజిటివ్ వచ్చి ఉంటే నిరూపణ అయ్యేది. నెగటివ్ వస్తే మాత్రం నేను నమ్మేదాన్ని కాదు, ఎండు చుక్కలో వైరస్ దొరకకపోవడం మామూలే. కాబట్టి ఫైలులో ఇలా రాశాం: గర్భంలో సీఎంవీ సోకి ఉండే అవకాశం చాలా బలంగా ఉంది, నిరూపణ లేదు.

కారణం ఏదైతేనేం, చికిత్స అదే కదా అనుకోవచ్చు. ఇక్కడ అలా కాదు. జన్యు చెవుడైతే తర్వాతి కాన్పులో నాలుగో వంతు అవకాశం ఉందని చెప్పాలి. అషర్ అయితే చూపు పోకముందే చదువు, సంజ్ఞల సంగతి చూసుకోవాలి. సీఎంవీ అయితే మిగిలిన చెవిని ఏళ్ల తరబడి కాపు కాయాలి. ఇంకో సంగతి కూడా ఉంది. మొదటి రోజు అమ్మమ్మ గది బయట నన్ను ఆపి, "నేనే చేశానండీ డాక్టరమ్మగారూ ఈ పెళ్లి. అందరూ వద్దన్నారండి" అంది. రిపోర్టులన్నీ వచ్చాక ఆమెను కూర్చోబెట్టి విడిగా చెప్పాను. మేనరికం వల్ల కొన్ని జబ్బులు పెరుగుతాయన్నది నిజమే, ఈ బాబు విషయంలో మాత్రం అది కనబడటం లేదు అని. ఎక్సోమ్‌కు దొరకనివీ ఉంటాయనీ దాచలేదు. తల్లికి కూడా ఆ ఎంగిలి విషయం జాగ్రత్తగా చెప్పాల్సి వచ్చింది. ఒక నింద పోయిందనుకుంటే ఇంకో నింద నెత్తికెక్కకూడదు. ఆ రోజుల్లో ఆమెకు ఈ సంగతి చెప్పినవాళ్లెవరూ లేరు.

పనిచేయనివి

సీఎంవీకి వాడే వాల్‌గాన్‌సైక్లోవిర్ మందు గురించి ఫోన్లో చదివి తండ్రి అడిగాడు. లక్షణాలతో పుట్టిన బిడ్డకు మొదటి నెలలో మొదలుపెట్టి ఆరు నెలలు వాడితే వినికిడికి, ఎదుగుదలకు కొంత మేలని 2015లో వచ్చిన అమెరికా ట్రయల్ చూపింది. రెండేళ్ల బిడ్డకు పోయిన వినికిడి తిరిగొస్తుందని చెప్పడానికి ఆధారం లేదు. తెల్లకణాలు పడిపోతాయి, తరచూ రక్తపరీక్షలు చేయాలి. జంతువుల మీద చేసిన పరీక్షల్లో కాన్సర్, సంతానోత్పత్తి సమస్యలూ కనబడ్డాయి. ఇవ్వలేదు. ఈ నిర్ణయం తండ్రికి నచ్చలేదు. ఇంకో ఇద్దరు డాక్టర్లను అడిగి వచ్చాడు.

హియరింగ్ ఎయిడ్లు రెండు చెవులకీ పెట్టాం. కుడివైపుది అలంకారమే అయింది. ఎడమవైపుది మొదట్లో బాగా పనిచేసి, పదిహేను దాకా మాటలు వచ్చి ఆగిపోయాయి. మళ్లీ పరీక్షిస్తే ఎడమ చెవి 70కి దిగింది, ఇంకో ఆరు నెలలకు 85. ఎయిడ్ సరిగ్గా పెట్టడం లేదని కుటుంబాన్ని కోప్పడే ముందు చెవిని మళ్లీ కొలవడం మంచిదని ఇలాంటి పిల్లలే నేర్పుతారు.

నగరంలో వారానికోసారి స్పీచ్ థెరపీ. రానుపోను ఒక రోజు, తండ్రికి ఒక రోజు కూలి. నాట్ల కాలం రాగానే మానేశారు. మానేస్తారని ఊహించడం కష్టమేం కాదు. కుటుంబం మోయలేని చికిత్స ఎంత మంచిదైనా కాగితం మీదే ఉంటుంది.

పనిచేసినవి

ముందు ఫిజియోథెరపీ మార్చాం. స్ప్లింట్లు తీసేశాం. లోపలి చెవి ఇవ్వని సమాచారం పాదాలు, కళ్లు ఇవ్వాలి కాబట్టి ఉత్త కాళ్లతో ఇసుక మీద, గడ్డి మీద, పరుపు మీద నడిపించడం, గోడ మీద బొమ్మను చూస్తూ నిలబడటం, కదిలే బంతిని కళ్లతో వెంటాడటం మొదలుపెట్టాం. రాత్రంతా ఒక బెడ్ లైటు. 27 నెలలకు నాలుగడుగులు వేశాడు, మూడో పుట్టినరోజుకు ఇల్లంతా తిరిగాడు. పిల్లల మెదడు ఈ లోటును బాగా పూడ్చుకుంటుంది, సరైన చోట సాయం చేస్తే.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చేశాను. ఇలాంటి పిల్లలు నీళ్లలో మునిగితే కళ్లు మూసుకున్నప్పుడు పైకేదో కిందకేదో తెలియదు. కాలువ గట్టున ఇల్లు! ఒంటరిగా నీళ్లలోకి దిగకూడదు, ఈత వచ్చాక కూడా. ఈ మాట ప్రతిసారీ చెబుతాను. తల్లిదండ్రులకు విసుగొచ్చినా చెబుతాను.

కాక్లియర్ ఇంప్లాంట్ (సర్జరీతో లోపలి చెవిలో అమర్చే వినికిడి యంత్రం) ఆరోగ్యశ్రీ కింద జరిగింది. ఏ చెవికి చేయాలన్న దగ్గర మేం ఎక్కువ సేపు ఆగాం. ఈ సర్జరీ ఆ వైపు మిగిలి ఉన్న సమతౌల్యాన్ని కూడా కొన్నిసార్లు దెబ్బతీస్తుంది. కుడివైపు వినికిడీ లేదు, సమతౌల్యమూ లేదు, పోగొట్టుకునేదేం లేదు. ఎడమవైపు రెండూ కొంచెం కొంచెం ఉన్నాయి. అందుకే కుడిచెవికి ఇంప్లాంట్, ఎడమచెవికి ఎయిడ్. ఇంప్లాంట్ పిల్లలకు మెనింజైటిస్ ముప్పు ఎక్కువ కాబట్టి ముందే నిమోకాకల్ టీకాలు పూర్తిచేయించాం. సమతౌల్యం చూడకుండా వినికిడి ఒక్కటే చూసి చెవి ఎంచుకుంటే, అప్పుడప్పుడే నిలదొక్కుకున్న నడక మళ్లీ పోయే ప్రమాదం ఉంది.

మాటలు నేర్పింది అమ్మమ్మ. థెరపిస్టు ఫోన్ వీడియోలో ఆమెకు నేర్పింది. కుడిపక్కన కూర్చోవాలి, వస్తువు చూపించే ముందు పేరు వినిపించాలి, చెప్పి ఆగాలి, బాబు వంతు వచ్చేదాకా ఎదురుచూడాలి. అందరికీ కష్టమైంది ఆ ఆగడమే. ఆమె చిక్కుళ్లు వలిచేటప్పుడు, పొయ్యి దగ్గర, దొడ్లో ఇదే పని. నాలుగేళ్లు దాటాక "అమ్మమ్మా, పాలు పొంగుతున్నాయి" అన్నాడట. ఆమె ఆ రాత్రే థెరపిస్టుకు ఫోన్ చేసింది.

ఇంప్లాంట్ ఉచితం. వారంటీ అయ్యాక కేబుళ్లు, కాయిల్, బ్యాటరీలు ఉచితం కాదు. ఒక కేబుల్ తెగి, కొనలేక, మూడు వారాలు బాబు శబ్దం లేకుండా ఉన్నాడు. సర్జరీ రోజే ఈ ఖర్చు లెక్క వేసి చెప్పడం ఇప్పుడు మా క్లినిక్‌లో తప్పనిసరి చేశాం.

బడి వయసు

ఇంగ్లిష్ మీడియం వేద్దామని తండ్రి, ఊళ్లో తెలుగు మీడియం చాలని తల్లి. నా లెక్క ఇది: ఈ బాబుకు రోజుకు దొరికే భాష అంతా ఒక చిన్న యంత్రం ద్వారా వస్తుంది. ఇంట్లో అందరూ మాట్లాడే భాష ముందు గట్టిపడాలి. రెండు భాషలు నేర్వలేడని కాదు, ఇంట్లో ఎవరికీ రాని భాషలో పాఠం వింటే ఇంటికొచ్చాక సాయం చేసేవాళ్లుండరు. తెలుగులో వేశారు.

రెండో తరగతిలో "వినడు, కుదురు లేదు, ఏడీహెచ్‌డీ చూపించండి" అని టీచరు రాసి పంపారు. సీఎంవీ పిల్లల్లో ఏకాగ్రత సమస్యలు ఉంటాయి, కాబట్టి తోసిపుచ్చే మాట కాదు. కానీ ఏ పూట ఇలా ఉంటాడో వారం పాటు రాయమన్నాం. పొద్దున పర్వాలేదు, మధ్యాహ్నం భోజనం తర్వాతే. తీరా చూస్తే ప్రాసెసర్ బ్యాటరీ రెండింటికల్లా అయిపోతోంది, బాబు చెప్పడం లేదు. రెండో బ్యాటరీ జేబులో పెట్టి పంపాం. బెంచీకి వెనక ఆనుకోవడానికి ఏమీ లేదు, కాళ్లు నేలకు అందడం లేదు. నిలకడగా కూర్చోవడానికే సగం ధ్యాస పోతోంది. వీపు ఆనే కుర్చీ, కాళ్ల కింద పీట, బోర్డుకు దగ్గరగా ఎడమ కొస, అంటే క్లాసంతా కుడిచెవి వైపు ఉండేలా. వీటితో సగం ఫిర్యాదు పోయింది. మిగతా సగం నిజంగానే ఉంది. లెక్కల్లో వెనకబాటు కూడా ఉంది. మాటల్లేని తెలివితేటల పరీక్షలో సగటున ఉన్నాడు, మాటలతో చేసేదాంట్లో తక్కువ. మందు మొదలుపెట్టలేదు, లెక్కలకు విడిగా సాయం పెట్టాం.

ఇప్పుడు

బాబుకు ఎనిమిదేళ్లు దాటాయి. ఎడమ చెవి 95 డెసిబెల్స్. ఎయిడ్‌తో పెద్ద లాభం లేదు. రెండో ఇంప్లాంట్ అడగాల్సిన సమయమే ఇది. అది పెడితే శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో తెలుస్తుంది, క్లాసు గోలలో మాట విడిగా వినబడుతుంది. అయితే ఎడమ లోపలి చెవిలో కొంత సమతౌల్యం ఇంకా మిగిలే ఉందని వీహిట్ పరీక్షలో (తలను చటుక్కున తిప్పి కళ్ల కదలిక చూసేది) తేలింది. ఉన్నది అదొక్కటే. ఈఎన్‌టీ సర్జన్ చేద్దామంటున్నారు. నేను ఆగుదామన్నాను, కారణం పిల్లాడి సైకిల్. కిందటేడు నేర్చుకున్నాడు, చీకటి పడితే దిగి నడిపించుకుంటూ వస్తాడు. బాబునే అడిగాం. "సైకిల్ పోద్దా?" అన్నాడు. పోవచ్చు, కొన్నాళ్లకు మళ్లీ రావచ్చు అని చెప్పాం. ఆలోచిస్తానన్నాడు. వేసవి సెలవుల్లో వినికిడి, సమతౌల్యం పరీక్షలు రెండూ మళ్లీ చేసి, అప్పటి అంకెలు ముందు పెట్టుకుని తేలుస్తాం.